మోటుపల్లి రేవుకూ మన కోటకూ చుట్టరికం

మిర్చి మొదటి ఏరుడు అయిపోయింది, రెండో ఏరుడుకు ఇంకా టైం ఉన్నది. మా చిన్నాయన బిడ్డను చీరాల దిక్కు ఇచ్చినం. వాళ్లింట్ల పండుగ ఉంటే పోయొచ్చిన. పోయింది చుట్టరికానికే గానీ, ఇంకో పాత చుట్టరికం చూసి వచ్చిన. అది చెప్దామనే ఈ పోస్టు. కొంచెం పెద్దగనే ఉంటది, తీరికగా చదవండి.

మనం ఖిలా వరంగల్‌ల పుట్టి పెరిగినోళ్లం. తోరణాల పక్కపొంటి నడుచుకుంటనే పొలానికి పోతం. మట్టికోట, కందకం, రాతికోట అన్నీ రోజూ చూసేటివే. చిన్నప్పటి సంది నాకొక అనుమానం ఉండేది. ఇది సముద్రం లేని ఊరు, పెద్ద నది కూడా ఒడ్డున లేదు. అసొంటి చోట ఇంత రాజ్యానికి ఇంత సొమ్ము ఏడికెల్లి వచ్చింది? చెరువుల కింద పండిన వడ్లతోనే అని సార్లు చెప్పేది. అది నిజమే గానీ సగమే నిజం. మిగతా సగం మోటుపల్లిల ఉన్నది.

వరంగల్‌ల రైలెక్కితే ఖమ్మం, విజయవాడ, తెనాలి మీదుగా చీరాల. సుమారు 300 కిలోమీటర్లు. అక్కడి నుంచి వేటపాలెం, చినగంజాం దిక్కు పోతే మోటుపల్లి వస్తది. ఇప్పుడది బాపట్ల జిల్లా. దారిపొడుగునా జీడితోటలు, ఉప్పు కొఠార్లు, ఇసుక నేలలు. మన ఎర్రనేల, నల్లరేగడి చూసిన కండ్లకు అదేదో వేరే దేశం లెక్క కనిపించింది.

అక్కడ ఒక పెద్దాయన ఇసుక చెలకల పల్లి వేసిండు. వాళ్లు వేరుశనగ అంటరు. చేను మధ్యల ఒక గుంట, నిండా నీళ్లు. "ఏంది పెద్దాయనా, బాయి ఇంత పైపైన తవ్వినరు?" అని అడిగిన. "దీన్ని దొరువు అంటారండీ. మంచినీళ్లు పైన తేలతాయి, కింద ఉప్పునీళ్లు. ఆశపడి లోతుకు పోయామా, చేను మొత్తం ఉప్పెక్కుతుంది" అన్నడు. మనం నీళ్ల కోసం వందల అడుగులు బోరు దింపుతుంటే, వాళ్లు లోతుకు పోకుండా ఉండుడే సేద్యం అంటున్నరు. "మీదే ఊరండీ?" అంటే వరంగల్ కోట అని చెప్పిన. ఆయన నవ్వి, "అయితే మీ రాజుగారి రాయి మా ఊళ్లోనే ఉంది, చూసి వెళ్లండి" అన్నడు.

ఆ రాయి కోసమే పోయిన నేను. మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద గణపతిదేవుడు చెక్కించిన శాసనం అది. చరిత్ర పుస్తకాలల్ల అభయ శాసనం అంటరు. చెక్కించింది 1244లో. అంటే దగ్గర దగ్గర 780 ఏండ్ల కింద.

అసలు మన రాజుకు అంత దూరంల ఏం పని అంటే, కొంచెం వెనుకకు పోవాలె. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలిండు. గద్దెనెక్కిన కొద్ది ఏండ్లకే తీరం దిక్కు దండు పంపిండు. కృష్ణానది సముద్రంల కలిసే కాడ ఉన్న దివిసీమను గెలిచిండు. గెలిచి ఊకోలేదు. అక్కడ ఏలుతున్న అయ్య వంశం ఆడబిడ్డలు నారమాంబ, పేరమాంబలను పెండ్లి చేసుకున్నడు. వాళ్ల తమ్ముడు జాయపను తీసుకొచ్చి ఏనుగుల దండుకు అధికారిని చేసిండు. నృత్తరత్నావళి రాసింది ఆ జాయపనే. అంటే తీరానికీ మనకూ వియ్యం కొత్తది కాదు. అప్పుడు ఆ దిక్కు బిడ్డలు ఇటు వచ్చినరు, ఇప్పుడు మా చెల్లె అటు పోయింది.

ఇగ ఆ శాసనంల ఏమున్నదో మన మాటల్ల చెప్త. అప్పటిదాకా ఒక అన్యాయపు రివాజు ఉండేది. ఓడ తుఫాన్ల చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, అండ్ల ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం ఆ ఒడ్డును ఏలే రాజు గుంజుకునేటోడు. మనిషి ప్రాణాలతో బయటపడ్డా చేతుల చిల్లిగవ్వ మిగలకపోయేది. గణపతిదేవుడు దాన్ని బంద్ పెట్టిండు. సముద్రం మీద ప్రాణానికి తెగించి వచ్చేటోళ్ల సొమ్ము మేము ముట్టం, మామూలు సుంకం ఒక్కటే తీసుకుంటం అని మాట ఇచ్చిండు. ఆ సుంకం సరుకుల ముప్పైల ఒక వంతు. నూటికి మూడున్నర కూడా పడదు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, వక్కలు... ఏ సరుకుకు ఎంత అనేది కూడా అండ్లనే చెక్కించిండు.

ఇది ఒట్టి దయ అనుకుంటే మనం తప్పుల పడ్డట్టే. రాజుకు లెక్క తెలుసు. దండుకు గుర్రాలు కావాలె, మంచి గుర్రాలు సముద్రం మీదనే రావాలె. వర్తకుడు భయపడితే ఓడ ఇంకో రేవుకు పోతది. ఒక్కసారి మొత్తం గుంజుకునే కంటే, ఏండ్ల తరబడి ముప్పైల ఒక వంతు తీసుకునుడే లాభం. ఆ లెక్క అర్థమైన రాజు కాబట్టే అది రాయికెక్కించిండు.

ఆ రేవుకు ఓడలు ఎందుకు వచ్చేది? ఇక్కడ కొనేటందుకు ఏదన్న ఉండాలె గదా. వెనీసు నుంచి వచ్చిన మార్కో పోలో ఈ దేశం గురించి తన పుస్తకంల రాసిండు. ఆయన ముత్ఫిలి అన్నది మన మోటుపల్లే అంటరు చరిత్రకారులు. సాలెగూడు అంత సన్నటి బట్ట ఇక్కడ నేస్తరని మెచ్చుకున్నడు. న్యాయం తెలిసిన రాణి ఏలుతుందని కూడా రాసిండు. ఆమె మన రుద్రమదేవే. అయితే ఆమెను రాజు భార్య అనుకున్నడు, నిజానికి ఆమె గణపతిదేవుని బిడ్డ. ఆ సన్నబట్ట ఆకాశం నుంచి పడలేదు. ఎవరో దున్నిన చెలకల పత్తి, ఎవరో వడికిన నూలు, ఎవరో ఆడించిన మగ్గం. ఆ వడికెటోళ్లకూ నేసెటోళ్లకూ తిండి చెరువుల కింది వడ్లు. పాకాల చెరువు, రామప్ప చెరువు కట్టింది కూడా గణపతిదేవుని కాలంలనే. ఇటు చెరువు, అటు రేవు, రెండూ ఒకే కాలంల, ఒకే రాజ్యంల. ఎడ్లబండి రోజుకు 20 కిలోమీటర్లు నడిచినా ఇక్కడి నుంచి అక్కడికి పదిహేను రోజులు. మధ్యల కృష్ణ దాటాలె. పోయేటప్పుడు ఇక్కడి సరుకు, వచ్చేటప్పుడు ఉప్పు.

ఇంకో ముచ్చట. ఆ శాసనంల మిరియాలు ఉన్నయి గానీ మిర్చి లేదు. ఎట్లుంటది? మిర్చి మన దేశపు పంటనే కాదు. అమెరికా ఖండంల పుట్టి, పోర్చుగీసోళ్ల ఓడల మీద ఆ తర్వాతెప్పుడో ఇక్కడికి వచ్చింది. ఇయ్యాల మన వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంబరపడుతున్నం. ఆ మిర్చి మూలం కూడా ఏదో ఒక రేవుల దిగిన గింజనే. సముద్రం మనకు కనపడకపోవచ్చు గానీ మన చెలకల ఉన్నది.

కాకతీయుల రాజ్యం 1323ల పడిపోయింది. ఆ తర్వాత 1358ల కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిల మళ్లా శాసనం వేయించి, సుంకాలు తగ్గించి వర్తకులను పిలిచిండు. రాజులు మారినా మాట అదే కావాల్సి వచ్చింది. తర్వాతి కాలంల మచిలీపట్నం పెద్ద రేవయింది, మోటుపల్లి చిన్నబోయింది. ఇప్పుడు అక్కడ ఓడలు లేవు, చేపల పడవలే. ఒడ్డున కాసేపు నిలబడి చూసిన. మన కోటల తోరణాల నడుమ నిలబడితే ఎట్లుంటదో గట్లనే అనిపించింది. పెద్ద ఇల్లు, మనుషులు లేరు.

ఇదంతా ఎందుకు చెప్తున్న అంటే, ఆ రాయి ముందట నిలబడ్డప్పుడు నాకు మతికొచ్చింది రాజు కాదు. ఒక ఏడు నేను మిర్చి అమ్మిన రోజు. ఏ మార్కెట్, ఏ ఆడ్తి అనేది చెప్పను, ఇప్పుడు అది అవసరం లేదు. తూకం అయినంక తక్‌పట్టీ చేతికిచ్చిండు. బస్తాకు ఇంత కడ్తా అని కొట్టేసిండు. తాలు అని ఇంకింత. ఎందుకు అంటే, "అందరికీ అంతే" అన్నడు. అందరికీ అంతే అయితే మరి ఏడ రాసి ఉన్నది? ఆ ముచ్చట అడిగే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయె. ఎంత పోయింది అనే దానికంటే, ఎందుకు పోయిందో తెల్వకపోవుడే ఎక్కువ బాధ.

మోటుపల్లి శాసనం పెద్దతనం అండ్లనే ఉన్నది. సుంకం తక్కువనా ఎక్కువనా తర్వాత సంగతి. ఎంతో ముందే చెప్పిండు, అందరికీ కనపడేటట్టు చెప్పిండు, ఎవడో మార్చకుండా రాయి మీద చెప్పిండు. ఏడికెల్లో వచ్చిన పరదేశికి కూడా తన సరుకుల ఎంత పోతదో ఒడ్డు దిగిన రోజే తెల్సిపోయేది. ఆ నమ్మకం మీదనే రేవు నడిచింది, ఆ రేవు మీద మన కోట బతికింది. నిజమే, ఆ శాసనం వర్తకులకు వేసింది, రైతుకు కాదు. అప్పటి రైతు శిస్తు వేరే. అయినా ఆ పద్ధతి ఇయ్యాల మనకు కూడా పనికొస్తది.

మన కోటల దొరికిన ఖాన్ సాహెబ్ తోట శాసనం కూడా అసొంటిదే. అంగట్ల అమ్మే సరుకులు, వాటి మీద ఇచ్చుకోవాల్సిన లెక్క అండ్ల ఉన్నయి. మన ఊరి రాళ్లే మనకు ఆ సంగతి చెప్తున్నయి.

అందుకే రెండు మాటలు చెప్పి బంద్ చేస్త. ఒకటి, మీ ఊళ్ల చెరువు కట్ట మీదనో గుడి ముందటనో అక్షరాలున్న రాయి ఉంటే దానికి సున్నం, రంగు పూయనియ్యకండి. ఫొటో తీసి నాకు పెట్టండి, చదివేటోళ్లకు చూపిద్దాం. రెండోది, ఈసారి మిర్చి అమ్మేటప్పుడు బస్తాకు ఎంత పోతుందో, దేనికి పోతుందో తక్‌పట్టీల రాయించుకోండి. మార్కెట్ ఫీజు కొనేటోడు కట్టాలె, మనం కాదు. అది మర్చిపోకండి. ఆ కాలంల రాజు రాయి మీద రాయించిండు. మనం కనీసం కాయితం మీదన్న రాయించుకుందాం.