పొగగొట్టం ఉన్న ఇల్లు, లేని ఇల్లు: నీలగిరిలో కట్టెల కథ



జలుబు చేస్తే రుమాలు మీద నాలుగు చుక్కలు వేసుకుని పీల్చే తైలాన్ని మనం నీలగిరి తైలం అంటాం. ఆ చెట్టును నీలగిరి చెట్టు అంటాం. కన్నడంవాళ్ళూ అంతే. కడపలోనో శ్రీకాకుళంలోనో ఉన్న మన చుట్టాలు అది ఈ కొండల్లోనే పుట్టిందనుకుంటారు. కానీ దాని సొంత ఊరు ఆస్ట్రేలియా. ఇక్కడికి వచ్చి ఇంకా రెండు వందల ఏళ్ళు నిండలేదు. కొండ మీద ఉండే అరవవాళ్ళు దాన్ని కర్పూర మరం అంటారు, వాళ్ళు పెట్టిన పేరులో కొండ లేదు. కొండ పేరు పెట్టింది కింద ఉన్న మనం. సరే, అంత దూరం నుంచి దాన్ని ఎందుకు తెచ్చారు? తైలానికి కాదు. పొయ్యిలోకి.

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ కొండెక్కాడు. కొద్ది ఏళ్ళలోనే ఊటీలో రాతి ఇల్లు కట్టించుకున్నాడు, స్టోన్ హౌస్ అని. ఇప్పుడు గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీ ఉన్న చోటు అదే. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది. జనవరిలో తెల్లవారి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని ఉంటుంది. దొరలు ఊళ్ళో ఎలా ఉండేవాళ్ళో ఇక్కడా అలాగే బంగళాలు కట్టారు. హాలుకొక పొయ్యి, పడకగదికొక పొయ్యి, ఒక్కోదానికి గోడలో కట్టిన పొగగొట్టం. గోడ పొయ్యి చూడ్డానికి బాగుంటుంది గానీ దాని ఆకలి పెద్దది. మంట వేడిలో జాస్తి భాగం పొగతోపాటు పైకి పోతుంది, గదిలోకి వచ్చేది కొంచెమే. అందుకని ఒక్క చలికాలానికి ఒక్క బంగళాకే బండ్ల మీద బండ్లు కట్టెలు కావాలి.

మొదట కాలింది షోలా. గడ్డి కొండల మధ్య పల్లాల్లో గుంపుగా ఉండే చిక్కటి అడవిని షోలా అంటారు. ఆ చెట్లు చాలా మెల్లగా పెరుగుతాయి, కొట్టేస్తే మన జన్మలో తిరిగి రావు. వాగులకు నీళ్ళిచ్చేది అవే. తర్వాత వెల్లింగ్టన్‌లో పటాలం బారకాసులు వచ్చాయి. 1858లో ఊటీలో లారెన్స్ వారి బడి వచ్చింది. మద్రాసు గవర్నరు ఎండాకాలం మొత్తం కచేరీతో సహా ఊటీకి మారడం మొదలైంది. బిస్కట్లు వేసే బేకరీ నుంచి బట్టలుతికే చోటు దాకా అందరికీ కట్టెలే. ఊరి చుట్టూ ఉన్న షోలాలు పలచబడిపోయాయి.

అప్పుడు వెతికితే దొరికింది ఆస్ట్రేలియా చెట్టు. 1830లలోనే వాటిల్ వచ్చింది, అరవంలో సీగై అంటారు. 1843లో కెప్టెన్ కాటన్ అనే ఇంజనీరు బ్లూగమ్ తెచ్చి నాటాడు. గవర్నమెంటు తోటలు 1860లలో మొదలయ్యాయి. ఊటీ పక్కన ఆరంబి తోట 1863 నాటిది. బ్లూగమ్ గుణం ఏమిటంటే, కొట్టిన మొద్దు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. పదేళ్ళకొకసారి కొట్టుకోవచ్చు, మళ్ళీ నాటే పని లేదు. దీనివల్ల మిగిలిన షోలాలకు కొంత ప్రాణం దక్కింది, కాదనలేం. కానీ ఆ తోటలు వేసింది గడ్డి కొండల మీద. తోడవాళ్ళ ఎనుములు మేసే నేల అది. వాటిల్ అయితే నాటని చోటికి కూడా పాకిపోయింది. మేలు కీడు రెండూ చేసింది ఆ చెట్టు; ఒకటే చెప్పేవాళ్ళను మేము నమ్మం.

మేము రైల్వేలో గుమాస్తాగా చేశాం కాబట్టి మన రైలు సంగతి కూడా చెప్పాలి. మద్రాసు రైల్వే 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. ఆ కాలంలో ఇంజన్లు కాల్చింది ఎక్కువగా కట్టెలే. అదే సంవత్సరం మద్రాసు అడవులకు కన్సర్వేటరుగా వచ్చిన క్లెగ్‌హార్న్, పట్టాల కింది దిమ్మలకూ ఇంజను పొయ్యికీ అడవులు ఎలా కరిగిపోతున్నాయో రాశాడు. నెల్లూరు, చెంగల్పట్టు తీరాల్లో సరుగుడు తోటలు లేచింది ఈ కట్టెల కరువు వల్లనే. తర్వాత 1889లో ఇల్లందులో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలై, దక్షిణాది రైళ్ళకు అందాక అడవికి కొంచెం ఊపిరి ఆడింది. మన కొండ బండి 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి చేరింది. దాని ఇంజన్లు తిన్నది బొగ్గు. కానీ అది మోసిన మనుషులు పైకి రాగానే కట్టెల కోసం చేతులు చాచారు.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉంది. దొరల పేర్లున్నాయి, చెట్ల పేర్లున్నాయి. మోసినవాళ్ళ పేర్లు లేవు.

మా తాత పొల్లాచ్చి పక్క తెలుగు పల్లె నుంచి ఎద్దుబండితో వచ్చాడు. కూపులో కొట్టిన బ్లూగమ్‌ను అడితికి తోలడం ఆయన పని. కొట్టినవాళ్ళలో, చీల్చినవాళ్ళలో అరవం, కన్నడం, మలయాళం, తెలుగు అన్నీ మాట్లాడేవాళ్ళుండేవాళ్ళు. ఆడవాళ్ళు తలమూట కట్టుకుని బంగళాల వెనక తలుపు దగ్గర దింపి, తూకానికి డబ్బులు తీసుకునేవాళ్ళు. మా అవ్వ ముందు తలుపు ఎప్పుడూ చూడలేదట. బ్లూగమ్ పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి, ఎండితే గొడ్డలి ఎగిరి వస్తుంది అని ఆమె చెప్పేది. అది నిజమే, ఇప్పటికీ.

ఆ కట్టెలే, ఆ మోసినవాళ్ళ ఇళ్ళల్లోనూ కాలేవి. తేడా పొగగొట్టం. వాళ్ళుండేవి లైను ఇళ్ళు. పది అడుగుల గది, జింకు రేకు కప్పు, ఒక చిన్న కిటికీ. పొగ పోయే దారి లేదు. తోడవాళ్ళ గుడిసెకూ పొగగొట్టం లేదు కదా అని అడగొచ్చు. నిజమే, మూడడుగుల గుమ్మం తప్ప దానికి ఇంకో సందు లేదు. కానీ దాని పైన ఉండేది గడ్డి. పొగ మెల్లగా గడ్డిలోంచి బయటికి పోతుంది, ఆ మసికి పురుగు పట్టదు, గడ్డి ఎక్కువ కాలం నిలుస్తుంది. అది తరాలుగా ఆలోచించి కట్టిన ఇల్లు. రేకు అలా కాదు. పొగను లోపలే పెట్టుకుంటుంది, వేడిని మాత్రం బయటికి వదిలేస్తుంది.

పొగ భరించలేక మనవాళ్ళు పట్టుకున్నది కుంపటి. అరవంలో దీన్నే కుముట్టి అంటారు, రెండూ ఒక్క మాటే అని చెవికే తెలుస్తుంది. ఇల్లు విడిపోతే వేరు కుంపటి పెట్టారంటాం, అంటే మన లెక్కలో కుంపటి అంటేనే ఒక సంసారం. పొయ్యిలో మిగిలిన నిప్పులు, కొంచెం బొగ్గులు వేసి గది మధ్య పెట్టుకుంటే పొగ ఉండదు, కళ్ళు మండవు, వెచ్చగా ఉంటుంది. చలి గాలి రాకుండా తలుపు కింద గోనెసంచి దూర్చి పడుకుంటారు.

మా నాన్నగారు చిన్నప్పుడు పక్క లైనులో ఒక ఇంట్లో అలా పడుకున్నవాళ్ళలో తల్లీ, చంటిబిడ్డా తెల్లవారి లేవలేదు. గాలి సోకిందన్నారు, దెయ్యమన్నారు. కారణం కుంపటి. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత నిద్ర. పొగ ఉంటే మనిషి దగ్గి లేస్తాడు; కుంపటి దగ్గర లేపేవాళ్ళు ఉండరు. అప్పుడు తెలియదు సరే, ఇప్పటికీ కొండ ఊళ్ళకు విహారానికి వచ్చిన పిల్లలు మాంసం కాల్చిన బొగ్గుల పొయ్యిని గదిలోకి తెచ్చుకుని పోతూనే ఉన్నారు.

ఈ కథంతా ఇప్పుడు ఎందుకంటే, మన కూనూరు సంఘం గదిలో ఉన్న పోత ఇనుము పొయ్యి గురించి. ఒక పాత బంగళా సామాన్లు అమ్మినప్పుడు నలుగురు సభ్యులు డబ్బులు వేసుకుని కొన్నది. చాలా ఏళ్ళు మూల పడి ఉంది. పాత ఇనుముకు వేసేద్దాం, కరెంటు హీటరు కొందాం అని కొందరు తమ్ముళ్ళు అంటున్నారు. చలికాలంలో ఇక్కడ గాలివాన వస్తే కరెంటు ఎన్ని గంటలు ఉండదో వాళ్ళకు మేము చెప్పనక్కర్లేదు. పోయిన ఏడు మేమూ, లోకో షెడ్‌లో ఫిట్టరుగా రిటైరైన ఒక అన్నగారూ దాన్ని బాగు చేశాం.

మొదట సుత్తితో మెల్లగా తట్టి చూశాం. గంటలా మోగితే ఇనుము బాగుంది, డబ్బాలా పలికితే పగులుంది. తర్వాత రాత్రి దీపాలార్పి లోపల టార్చి వెలిగించాం. ఎక్కడెక్కడ వెలుగు బయటికి వచ్చిందో అక్కడ గాలి దూరుతుందని అర్థం. అతుకుల్లో పాత సిమెంటు రాలిపోయింది, అది గీకి కొలిమి సిమెంటు పెట్టాం. తలుపు చుట్టూ ఉన్న పాత తాడు ఆస్‌బెస్టాస్ అయి ఉండొచ్చు. అందుకే పొడి మీద గీకలేదు. నీళ్ళతో తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని తీసి, సంచిలో మూటకట్టాం. కొత్తది గాజునూలు తాడు. తలుపులో కాగితం పెట్టి మూసి లాగితే కాగితం జారి రాకూడదు, అదీ పరీక్ష. తుప్పు ఇనుప బ్రష్షుతోనే, నీళ్ళు వద్దు.

కింది జల్లెడ కడ్డీలు వంగిపోయి ఉన్నాయి. అచ్చు తీసుకుని కోయంబత్తూరు పీళమేడులో పోత పోయించుకొచ్చాం. పీళమేడు అంటే మన నాయుళ్ళ ఊరే కదా, అక్కడ మోటార్లకు పోత పోసే చేతులు దీన్ని ఒక్క పూటలో చేసిచ్చాయి. లోపల పైన ఒక అడ్డు పలక ఉంటుంది, మంట నేరుగా గొట్టంలోకి పారిపోకుండా. అది చూడగానే ఫిట్టరన్న నవ్వాడు. ఇంజను ఫైర్‌బాక్సులో ఇటుకల ఆర్చి చేసే పని కూడా ఇదేనట. తలుపు కిటికీకి ఉండే అభ్రకం రేకు చిట్లిపోయింది. గూడూరు చుట్టాలకు చెబితే నెల్లూరు అభ్రకం ఆకుపచ్చ ఛాయతో ఉన్నది పంపారు. గాజు అయితే ఆ వేడికి పగిలేది.

ఇంత చేసినా పొగగొట్టం లేకపోతే అది పెద్ద కుంపటి మాత్రమే. ఎక్కువ ఖర్చు దానికే అయింది. ఆరంగుళాల గొట్టం, కప్పు వాసాలకు మూరెడు ఎడం, కప్పు దాటే చోట చుట్టూ ఇంకో పెద్ద గొట్టం, కొస ఇంటి కొప్పు కంటే ఎత్తు. ఏడాదికొకసారి లోపల పేరుకున్న మసి తారు గీకించాలి. అది అంటుకుంటే గొట్టమే మండుతుంది. మొదటి మూడు రోజులు పిడికెడు పుల్లలతో చిన్న మంటలే వేశాం. ఒక్కసారి పెద్ద మంట వేస్తే పాత ఇనుము చిట్లుతుంది.

కట్టెల సంగతి. పచ్చికట్టె బరువులో సగం దాకా నీళ్ళే. దాన్ని కాలిస్తే మంట నీళ్ళను మరగబెట్టడానికే సరిపోతుంది, గొట్టం నిండా తారు. కూనూరుకు ఐప్పసి, కార్తీక మాసాల్లో వాన ఎక్కువ. అందుకని మాఘంలో చీల్చి, పైన రేకు, పక్కలు తెరిచి పేర్చినది మరుసటి చలికాలానికి. 1955 చట్టం ప్రకారం కొండ ప్రాంతంలో అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు, కొట్టే అవసరమూ మనకు లేదు. అడితిలో వాటిల్ దొరుకుతుంది. ఎస్టేటువాళ్ళు పాత తేయాకు తుప్పలు పెకిలించినప్పుడు ఆ వేళ్ళు, మొదళ్ళు కొనుక్కోవచ్చు. చేయంత లావే ఉంటుంది గానీ రాయిలాంటి కట్టె, నిప్పు గంటలు నిలుస్తుంది. గోడ పొయ్యి మింగేదానిలో కొద్ది భాగంతోనే ఈ ఇనుప పొయ్యి సంఘం గది మొత్తం వెచ్చగా ఉంచుతుంది.

ఈ ధనుర్మాసంలో తెల్లవారి భజనకు వచ్చే పెద్దవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు. ఐదింటికి పొయ్యి అంటించే పని మేము, ఫిట్టరన్న వంతులు వేసుకున్నాం, ఇంకో ఇద్దరు తమ్ముళ్ళు ముందుకొస్తే బాగుంటుంది. కుంపటి మాత్రం ఇకనుంచి వసారాలోనే. లోపలికి తేవద్దని తలుపు మీద తెలుగులోనూ అరవంలోనూ రాయించాం.