శకుంతలా నిరాకరణము: మఱపా? అపలాపమా?

ఒక స్త్రీ యనుభవించినది జరుగనే లేదని యాప్తులు పలుమాఱు పలికి, తుద కామెకుఁ దన బుద్ధియందే శంక పుట్టించుట పాశ్చాత్యుల నాటకములందును జలనచిత్రములందును భయానకరసమునకు ముఖ్యవిభావమైనది. హామిల్టన్ 1938లో రచించిన 'గ్యాస్‌లైట్' నాటకమున భర్త భార్యకు మతి చలించినదని నమ్మింపఁజూచును. ఆ నాటకము పేరే నేఁడీ వంచనకుఁ బేరైనది. 1968 నాఁటి 'రోజ్‌మేరీస్ బేబీ' చిత్రమున వంచిత గర్భిణి. ఆమె శరణు చొచ్చిన వైద్యుఁడు మాట నమ్మక యామెను భర్తకే యప్పగించును. 2017 నాఁటి 'గెట్ అవుట్' చిత్రమున వంచితుఁడు నల్లజాతి యువకుఁడు. అతని పుట్టుకయే యాపదకు హేతువు. గర్భము, జన్మము, అపలాపము అను నీ మూఁడును మన శకుంతలకథలోఁ బ్రాచీనకాలముననే కలవు.

రాజరాజనరేంద్రుఁడు (1022–1061) కోరఁగా రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెనిఁగించిన యాదిపర్వమున నుంగరము లేదు, దుర్వాసుని శాపము లేదు. కుమారునితో వచ్చిన శకుంతలను దుష్యంతుఁ డెఱిఁగియే యెఱుఁగననును. వ్యాసభారతమునందైతే మేనక కూఁతురని యామె పుట్టుకనే దూఱును. ఆకాశవాణి పలికిన పిదపఁ దాను లోకాపవాదమునకు వెఱచి యట్లంటినని యొప్పుకొనును.

కాళిదాసు శకుంతలను గర్భిణిగాఁ గొలువునకుఁ దెచ్చెను. రాజునకు శాపముచే నిజమైన మఱపు కలిగించెను. ఆమె యుంగరమునకై వ్రేలు తడవి చూచుకొనును, అది లేదు. జింకపిల్ల తన చేతినీరు త్రాగిన వృత్తాంతమును జెప్పును. రాజు దానిని స్త్రీసహజకపట మనును. పురోహితుఁడు ప్రసవము వఱకుఁ దన యింట నుంచి, శిశువునకుఁ జక్రవర్తిలక్షణము లున్నచోఁ గైకొనుమనును. అనఁగా నామె మాట ప్రమాణము కాదు, గర్భమే పరీక్షాద్రవ్యము.

ఇచట వ్యాకరణ మొక దీపము పట్టుచున్నది. పరోక్షభూతమునకుఁ బాణిని లిట్టును విధించెను. తాను చేసిన పని తనకుఁ బరోక్షమెట్లగును? ఉత్తమపురుషమున లిట్టునకు వ్యాఖ్యాతలు రెండు తావులు చూపిరి. నిద్ర, మదము మొదలగువానిచేఁ జిత్తము చెదరుట యొకటి. అత్యంతాపలాపము, అనఁగాఁ గళింగమునకుఁ బోయియుఁ బోనే లేదని బొంకుట, రెండవది. కాళిదాసుని దుష్యంతుఁడు మొదటి తావువాఁడు, నన్నయ దుష్యంతుఁడు రెండవ తావువాఁడు. రూపము మాత్ర మొక్కటియే. వినువానికి మఱపునకును బొంకునకును భేదము తోఁపదు. శకుంతల దుఃఖ మీ యభేదముననే యున్నది.

రాజమహేంద్రవరమువాఁడే యగు వీరేశలింగముపంతులు కాళిదాసుని నాటకమును దెలిఁగించెను. కమలాకర కామేశ్వరరావుగారి 'శకుంతల' (1966), గుణశేఖరునిగారి 'శాకుంతలం' (2023) చిత్రములును శాపకథనే గైకొన్నవి. తత్ఫలముగాఁ జనులలో నుంగరము నిలిచినది, బొంకు మఱుఁగుపడినది. శాపము రసపోషకమే, సందేహము లేదు. కాని యది రాజును నిర్దోషిని జేయును. అపరాధి లేని దుఃఖము స్త్రీకి మిగులును.

కావున పాఠశాలలలో నీ రెండు కథలను నేకముగాఁ గలిపి బోధించుట తగదు. నన్నయ శకుంతలకు శాపము శత్రువు కాదు; ఎఱిఁగియుండియు లేదన్న రాజే శత్రువు. ఆమెకు సాక్షి కావలసివచ్చుటయు, ఆ సాక్షి యాకాశమున నుండి రావలసివచ్చుటయు విద్యార్థు లాలోచింపవలసిన విషయము.