మనసు అలిసిపోయి ఉద్యోగం మారాలనుకుంటున్నారా? బాతెల్‌లో ఉన్న మనవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సినవి

బాతెల్ చుట్టుపక్కల పెద్దవాళ్లను చూసుకునే అడల్ట్ ఫ్యామిలీ హోముల్లో, ఆసుపత్రుల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతుల్లో, అర్ధరాత్రి ఫోన్ మోగే ఐటీ సపోర్ట్ ప్రాజెక్టుల్లో మన తెలుగువాళ్లు పనిచేస్తున్నారు. ఇవన్నీ ఒంటి కష్టం కంటే మనసు కష్టం ఎక్కువగా ఉండే పనులు. కొన్నాళ్లకు మనిషి లోపల ఖాళీ అయిపోతాడు. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "అన్నా, రేపే మానేస్తా. తప్పా?"

మానేయడం తప్పు కాదు. రేపే మానేయడంతోనే చిక్కు.

ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ ఆరుగురు పెద్దవాళ్లున్న హోంలో రెండేళ్లు చేసింది. ఒకే ఏడాదిలో ముగ్గురు పోయారు. చివరాయన ఆమె చెయ్యి పట్టుకునే కన్నుమూశారు. అదే సాయంత్రం కొత్త మనిషి వస్తున్నారు, దుప్పట్లు మార్చమన్నారు. మర్నాడు "ఇక రాను" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టేసింది. వారం తర్వాత నాకు ఫోన్ చేసింది. నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెడితే, మానే ముందు సెలవు అడిగారా అన్నారట. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడగలేదు కాబట్టి చూపించడానికి ఏమీ లేదు.

అందుకే వరుస గుర్తుపెట్టుకోండి. ముందు డాక్టరు, తర్వాత సెలవు, ఆ తర్వాత వీసా లెక్క, అన్నిటికన్నా చివర రాజీనామా.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను పనికి సంబంధించిన సమస్యగా గుర్తించింది, కానీ జబ్బుల లెక్కలో చేర్చలేదు. ఒళ్లూ మనసూ నీరసించిపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా పనికిరానన్న భావన, ఈ మూడూ దాని గుర్తులని చెప్పింది. ఇది మనకెందుకంటే, "బర్నవుట్" అనే మాట ఒక్కటే కాగితం మీద ఉంటే జీతంతో కూడిన సెలవు రావడం కష్టం. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, గుండె దడ, తిండి మానేయడం, చచ్చిపోవాలనిపించడం, ఏది ఉంటే అది దాచకుండా చెప్పండి. మనవాళ్లు డాక్టరు దగ్గర కూడా "ఫైన్, ఫైన్" అంటారు. డిప్రెషన్, యాంగ్జైటీ లాంటివి ఉన్నాయో లేదో తేల్చాల్సింది డాక్టరు. ఉంటే ఆయన రాసిచ్చే ధ్రువపత్రమే మీకు ఆధారం. ప్రాణం మీదకొచ్చే ఆలోచనలుంటే ఇదంతా పక్కన పెట్టి 988కి ఫోన్ చేయండి. తెలుగు దుబాసీ కావాలని అడగండి.

ఇది మీ బలహీనత కాదు. భయంకరమైన వీడియోలు చూసి తీసేసే పని చేసి మనసు పాడైందని అమెరికాలోని మోడరేటర్లు ఫేస్‌బుక్ మీద కేసు వేశారు. 2020లో ఆ కంపెనీ 5 కోట్ల 20 లక్షల డాలర్లకు రాజీపడింది. వాళ్లలో చాలామంది మనలాగే కాంట్రాక్ట్ కంపెనీల వాళ్లు.

జీతంతో సెలవు

మీ పే స్టబ్ చూడండి. వాషింగ్టన్ రాష్ట్ర పెయిడ్ ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ కింద కొంత కోత కనబడుతుంది. అది దానం కాదు, మీరు కట్టిన ప్రీమియం. దాదాపు గత ఏడాది కాలంలో రాష్ట్రంలో మొత్తం 820 గంటలు పనిచేసి ఉంటే, తీవ్రమైన అనారోగ్యానికి మామూలుగా 12 వారాల దాకా సెలవు డబ్బు వస్తుంది. మానసిక అనారోగ్యం కూడా ఇందులోకి వస్తుంది. ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర చేసిన గంటలు కలుపుకోవచ్చు. వెండర్ ద్వారా డబ్ల్యూ-2 మీద చేస్తున్నవాళ్లకూ వర్తిస్తుంది. 1099 మీద చేసేవాళ్లు సొంతంగా చేరి ఉంటేనే. తక్కువ జీతం వాళ్లకు వారపు జీతంలో 90 శాతం దాకా రావచ్చు. మొదటి వారానికి మాత్రం డబ్బు రాదు. దరఖాస్తు పెట్టాల్సింది యజమానికి కాదు, రాష్ట్ర ఎంప్లాయ్‌మెంట్ సెక్యూరిటీ డిపార్ట్‌మెంట్‌కు. సెలవు సంగతి యజమానికి రాతపూర్వకంగా తెలపాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డబ్బు రావడం వేరు, తిరిగి అదే ఉద్యోగం ఇవ్వాలనడం వేరు. 2026 జనవరి నుంచి 25 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట, 180 రోజులు పనిచేసి ఉంటేనే ఉద్యోగానికి రక్షణ. 2027లో ఆ సంఖ్య 15కి, 2028లో 8కి దిగుతుంది. అంటే చిన్న హోముల్లో చేసే మన ఆడవాళ్లకు ఇప్పటికీ ఆ రక్షణ లేనట్టే. నా ఉద్దేశంలో ఎక్కువ కావాల్సింది వాళ్లకే. అయినా సెలవు అడగండి. అనారోగ్యం వల్ల మానేయక తప్పలేదని నిరుద్యోగ భృతి కోరేటప్పుడు, ముందు సెలవు అడిగి ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ప్రయత్నించారా అన్నది చట్టం చూస్తుంది. వాట్సాప్‌లో అడిగినా సరే, స్క్రీన్‌షాట్ దాచుకోండి.

రిజిస్టర్డ్ నర్సులకు ఇంకో దారి ఉంది. రోగులను నేరుగా చూసే నర్సులకు పీటీఎస్‌డీ వస్తే 2024 జనవరి 1 నుంచి వర్కర్స్ కాంపెన్సేషన్ కింద క్లెయిమ్ పెట్టుకోవచ్చు. కేర్‌గివర్లను ఇందులో చేర్చలేదు.

మీ వీసా ఏం చెబుతుంది

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు కెరీర్ మార్పు అనేది సగం కలే, నిజం చెప్పాలంటే. కొత్త యజమాని పిటిషన్ వేయాలి, ఆ పని మీ డిగ్రీకి సరిపోవాలి. ఉద్యోగం పోయినా, మీరే మానేసినా 60 రోజుల గడువే. ఐ-94 అంతకుముందే అయిపోతే ఆ రోజు వరకే. లెక్క మామూలుగా మొదలయ్యేది జీతం లెక్కకొచ్చే చివరి రోజు మర్నాటి నుంచి, జీతం చేతికొచ్చిన రోజు నుంచి కాదు. ఆ లోపల కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేస్తే, దాఖలైన రోజు నుంచే పనిలో చేరవచ్చు. అందుకని ఆఫర్ చేతికి రాకుండా మానేయకండి. అంతకన్నా తేలికైన దారి ప్రాజెక్ట్ మారడం. రెడ్‌మండ్‌లో రాత్రి సపోర్ట్ వదిలి బాతెల్‌లో పగటి పని తీసుకుంటే ఇంటికి దగ్గర, ఒకే మెట్రో ప్రాంతం కూడా. పని స్వభావం బాగా మారుతుందంటే మాత్రం సవరణ పిటిషన్ కావాలేమో లాయరును అడగండి.

"ముందే మానేస్తే ఇన్ని వేల డాలర్లు కట్టాలి" అని వెండర్ బెదిరిస్తే భయపడి చెక్కు రాసివ్వకండి. హెచ్‌1బీ కార్మికుడి దగ్గర జరిమానా వసూలు చేయడాన్ని ఫెడరల్ నిబంధనలు ఒప్పుకోవు. నిజమైన నష్టపరిహారం అని కొన్ని ఒప్పందాలు నిలబడే వీలుంది కాబట్టి ఆ కాగితం లాయరుకు చూపించాలి.

హెచ్‌4 ఈఏడీ ఉన్నవాళ్లకు స్వేచ్ఛ ఎక్కువ. ఏ పనైనా చేయొచ్చు, రంగం మారొచ్చు. కానీ 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టిన రెన్యువల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు ఎత్తేశారు. కార్డు తేదీ దాటితే ఆ రోజే పని ఆపాలి. గడువుకు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు, ఆ మొదటి వారంలోనే పెట్టేయండి. కొత్త యజమానికి మాటిచ్చే ముందు కార్డు మీద తేదీ చూసుకోండి.

చదువుకోవడానికి హెచ్‌4 వాళ్లకు ఈఏడీ అక్కర్లేదు. బాతెల్‌లోనే కాస్కేడియా కాలేజీ, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి. కిర్క్‌లాండ్‌లో లేక్ వాషింగ్టన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. రాష్ట్రవాసుల ఫీజు వర్తిస్తుందా అని చేరేముందే అడగండి, తేడా చాలా ఉంటుంది. అన్నీ వదిలి సున్నా నుంచి మొదలుపెట్టాలని లేదు. ఆ ఖమ్మం చెల్లెమ్మ ఇప్పుడు మెడికల్ అసిస్టెంట్ కోర్సు చదువుతోంది. మనుషులతో పని ఆమెకు ఇష్టమే, చావులతో కాదు.

రాజీనామా ఇచ్చే ముందు మూడు నెలల పే స్టబ్‌లు, టైమ్‌షీట్లు ఇంటి మెయిల్‌కు పంపుకోండి. వాటిలో రోగుల వివరాలు ఉండకూడదు. ఇన్సూరెన్స్ ఏ తేదీదాకా ఉంటుందో హెచ్‌ఆర్‌ను అడగండి. అది పోయిన రోజు నుంచి 60 రోజుల్లో వాషింగ్టన్ హెల్త్‌ప్లాన్‌ఫైండర్‌లో కొత్తది తీసుకోవచ్చు, లేకపోతే కౌన్సెలింగ్ మధ్యలో ఆగిపోతుంది. రాజీనామా మెయిల్‌లో చివరి తేదీ ఒక్కటి రాస్తే చాలు. చివరి జీతం ఆ పే పీరియడ్ ముగిసేసరికి రావాలి. రాకపోతే లేబర్ అండ్ ఇండస్ట్రీస్ శాఖకు ఫిర్యాదు చేయండి. అక్కడ వీసా సంగతి అడగరు.