పడవలు ఆగిన తరువాత దుమ్ముగూడెం

పర్ణశాలకు వచ్చే యాత్రికులు సీతారాముల కుటీరమును, గోదావరి ఒడ్డును చూచి తిరిగి వెళ్తారు. ఆ చుట్టుపక్కలనే దుమ్ముగూడెములో నదికి అడ్డముగా ఒక పాత ఆనకట్ట ఉన్నది. దాని చరిత్ర తెలిసినవారు తక్కువ. మన సంఘముల చరిత్ర మాత్రము ఆ రాళ్ల దగ్గరనుండే మొదలు పెట్టవలసి ఉన్నది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరగారికి మరొక ఆశ ఉండేది. సముద్రము నుండి మధ్య పరగణాల వరకు గోదావరి మీద పడవలు నడవాలని, అక్కడి పత్తి నీటిదారిన దిగి రావాలని. దారికి అడ్డమైన మూడు రాతి అవరోధములలో మొదటిది దుమ్ముగూడెము వద్దనే. ఆ పనిని నడిపిన ఇంజనీరు ఫెలిక్స్ థాకరే హేగ్. అప్పటికి ఆయన కెప్టెన్. ఆయన కూలీలను, కొలతలను చూడవచ్చిన మనిషే గాని, చుట్టూ అడవిలో ఉన్న కోయలను చూచి ఊరకుండలేకపోయారు. 1860 ప్రాంతమున చర్చి మిషనెరీ సొసైటీవారిని అడిగి ఇక్కడ పని ప్రారంభింపజేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరవలెను. ఆ పనికి ముందుగా పూనుకొన్నది దొరలు కాదు. హేగ్ దగ్గర కొలువులో ఉండి క్రీస్తును నమ్మిన వెంకటరామరాజుగారు ఆ కొలువు చాలించి కోయల మధ్య నిలిచారు. తరువాత గురువుగా అభిషేకము పొందారు. హేగ్ పేరు ఎత్తినప్పుడెల్లా ఈయన పేరును కూడ ఎత్తుట న్యాయమని మా అభిప్రాయము.

1871లో ప్రభుత్వము పడవల పథకమును విడిచిపెట్టినది. ఖర్చు మితిమీరినది, రైలు వచ్చుచున్నది. లాకులు, కాలువ సగము పనితో మిగిలిపోయినవి. ఇంజనీరుకు ఈ అడవితో పని తీరినట్లే. అయినను హేగ్ దృష్టి ఇటే ఉన్నది. సైన్యములో జనరల్ హోదా పొందిన తరువాత, 1880ల ఆరంభమున, జీతము లేని సేవకునిగా మరల దుమ్ముగూడెము వచ్చారు. పాపికొండల నడుమ పడవలో రోజుల తరబడి ఎదురీది రావలెను. పైకి వస్తే మన్నెపు జ్వరము కాచుకొని ఉండును. యౌవనములో ఉద్యోగరీత్యా వచ్చుట వేరు, వయసు మళ్లిన తరువాత కోరి వచ్చుట వేరు. అటు తరువాత 1886లో ఆయన ఎర్రసముద్ర తీరమును, యెమెన్ దేశమును తిరిగి చూచి, అక్కడి అవసరతను గూర్చి వ్రాశారు. ఆ ప్రయాణమునకు ముందే అరేబియాను గూర్చి ఆయన వ్రాసినది చదివి ఏడెను వెళ్లినవారిలో కీత్ ఫాల్కనర్ ఒకరు. ఆయన 1887లో ఆ ఎడారిలోనే మరణించారు.

దుమ్ముగూడెములో దీర్ఘకాలము ఉన్నవారు రెవరెండు జాన్ కెయిన్. ఇంటిపేరు కయీనుదైనా, ఆయన చేసినది హేబెలు పనియే, మంద కాచుట! భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గూర్చి 1876 మొదలుకొని ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వ్రాశారు. 1909లో థర్‌స్టన్ కోయలను గూర్చి వ్రాసినప్పుడు ఆ వ్యాసములనే ఆధారము చేసికొన్నారు. అందులో అన్యుని చూపు అక్కడక్కడ కనిపించును. అయినను ఆనాటి కోయల పండుగలు, పెండ్లి ముచ్చట్లు అంత వివరముగా చెప్పినవారు అరుదు.

మిషనులో స్త్రీలకు లేసు అల్లిక నేర్పించారు. ఆ లేసు సముద్రము దాటి అమ్ముడుపోయినది. దుమ్ముగూడెము పేరు ఎన్నడు వినని ఇంటిలోని బల్లగుడ్డ అంచున మన అవ్వల చేతిపని ఉండెనన్నమాట. ఉపకారము ఒకవైపే ప్రవహించినదనుకొనువారు ఈ దారపుపోగును కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

1912లో అజరయ్యగారు బిషప్పుగా మన దోర్నకల్ అధ్యక్ష ఖండము ఏర్పడినది. ఆయన కూడ దూరపువారే, తిరునెల్వేలి తమిళులు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటతో విదేశపు సొసైటీలపై ఆధారపడుట క్రమముగా తగ్గినది. రాకపోకలు, ఉత్తరములు తగ్గినవి.

హేగ్, కెయిన్‌ల వ్రాతలు అచ్చులో నిలిచినవి. ఉపదేశకులు, బైబిలు స్త్రీలు, కోయ పెద్దలు అటువైపుకు ఏమి చెప్పి పంపిరో అచ్చులో వెదకిన దొరకదు. ఎవరి ఇంట పాత పెట్టెలో అట్టి ఉత్తరమొకటి ఉన్నా, చెదలు పట్టకముందే మీ పాస్టరుగారికి చూపించండి.