లక్క పలక – పాటల ప్రవాహము

1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్‌జాన్ గ్రామఫోను కంపెనీవారికి పాడినది. ఆ లక్క ప్లేటు సుమారు మూడు నిమిషములే పలికెడిది. గంటలకొలది సాగు రాగవిస్తారమును ఆమె అందులో ఇమిడ్చి, చివర తన పేరు తానే చెప్పినది. ప్లేట్లు అచ్చగునది జర్మనీలోని హనోవరులో. అచటి పనివారికి గాయని యెవరో తెలియవలెను గదా!

1948లో లాంగ్‌ప్లే రికార్డు, 1982లో కాంపాక్టు డిస్కు వచ్చి ఆ యిరుకును సడలించినవి. నేడు స్ట్రీమింగు వలన కోట్ల పాటలు అరచేతిలో పలుకుచున్నవి. ఈ సౌలభ్యమును కాదనలేము. కాని హక్కుల ఒప్పందము ముగిసినచో, నిన్న విన్న పాట నేడు మాయము కావచ్చును. తాతగారు కొన్న ప్లేటు మాత్రము, గీతలు పడినను, మనుమని యింట పలుకును. వెదకి వినుటకు ప్రవాహము మేలు. దాచి యిచ్చుటకు పలకయే మేలు.