గణక యంత్రముల పర్యవేక్షకులు: పేర్ల వెనుక చరిత్ర

బిడ్డకు పేరు పెట్టునపుడు పెద్దలు ఎంతయో యోచింతురు. ఆ పేరులో కులదైవమో, తాతగారో, తల్లిదండ్రుల ఆశయో నిలిచియుండును. గణక యంత్రములను నడిపించు వ్యవస్థల పేర్లును ఇట్టివే. వానిని వరుసగా పరిశీలించినచో మానవుడు తన చేతిపనిని యంత్రమునకు ఎట్లు అప్పగించెనో తెలియగలదు.

సూరతు మరమగ్గముల నడుమ జీవించు మన తెలుగు నేత కుటుంబములకు చిల్లుల అట్టలు క్రొత్త కావు. ఏ పోగు లేవవలెనో జకార్డు మగ్గమునకు తెలుపునవి అవియే. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలలో హోలరిత్ అను నతడు చిల్లుల కార్డులను లెక్కింపునకు వినియోగించెను. 1950 తరువాత వచ్చిన పెద్ద గణక యంత్రములకును అట్టి కార్డులతోనే పని చెప్పెడివారు.

ఆ యంత్రము చెంత ఆపరేటరు అను ఉద్యోగి యుండెడివాడు. కార్డుల కట్టను అమర్చుట, టేపులు మార్చుట, మీటలు నొక్కుట అతని విధులు. ఒక పని ముగిసి మరియొకటి మొదలగులోపల అంత ఖరీదైన యంత్రము ఊరకయుండెడిది. ఈ నష్టమును తగ్గించుటకై 1956లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలవారును, నార్త్ అమెరికన్ ఏవియేషన్ వారును కలిసి ఐబియం 704 యంత్రమునకు ఒక వ్యవస్థను కూర్చిరి. రెండు సంస్థల పొడి అక్షరములకు 'ఇన్‌పుట్-అవుట్‌పుట్' అను మాటలు చేర్చగా దానికి పేరైనది. అది పేరనుటకంటె చిరునామా యనుట మేలు.

తరువాతి పేర్లు కచేరీలలో పనిచేయు మనకు చిరపరిచితములు. ఒకటి మానిటరు, ఇంకొకటి ఎగ్జిక్యూటివు, 1962లో మాంచెస్టరున అట్లాస్ యంత్రమును నడిపినది సూపర్‌వైజరు. బరోస్ సంస్థవారు తమ దానిని 'మాస్టర్ కంట్రోల్ ప్రోగ్రామ్' అనిరి. ఉద్యోగి చేయు పని యంత్రమునకు సంక్రమింపగా, ఆ ఉద్యోగి హోదాయు దానికే సంక్రమించినది! 1959లో ఐబియం వినియోగదారుల సంఘమైన 'షేర్' పేర వెలసిన వ్యవస్థలో 'ఆపరేటింగ్ సిస్టమ్' అను మాట కనబడును. తుదకు నిలిచిన పేరు అదియే.

1964 ఏప్రిలులో ఐబియం సంస్థ 360 శ్రేణిని ప్రకటించి, చిన్న పెద్ద యంత్రములన్నిటికిని ఒకే వ్యవస్థ చాలునని తలచెను. ఆ సంకల్పము నెరవేరలేదు. పని ఆలస్యమాయెను, చిన్న యంత్రములకు వేరు వ్యవస్థలు కూర్పవలసి వచ్చెను. ఆలస్యమైన పనికి మరింతమందిని చేర్చిన అది మరింత ఆలస్యమగునని, ఆ పనికి నాయకత్వము వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో తన గ్రంథమున వ్రాసెను. ఈ మాట మన కచేరీలకును వర్తించును.

మన దేశమున టాటా పరిశోధన సంస్థలో నిర్మితమైన యంత్రమునకు 1962లో నెహ్రూగారు 'టిఫ్రాక్' అని నామకరణము చేసిరి. 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. వెలసెను. దాని సంస్థాపకులు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ఆ సంస్థవారి గణక యంత్రములు పెద్ద తరగతివి కావు, అయినను స్వదేశీయములు. 1969 నాటి టి.డి.సి.-12 మొదలుకొని వానికి ట్రాంబే పేరే నిలిచినది. రూపకల్పన జరిగిన చోటు ట్రాంబే గనుక అది న్యాయమే. కాని వానిని హైదరాబాదులో తయారుచేసిన చేతుల గుర్తు ఆ పేరులో లేదు.

ఆపరేటరు గతియు అట్టిదే. అతని పని యంత్రము గైకొన్నది. పేరు యంత్రమునకు దక్కినది. అతడు మాత్రము మరుగుపడెను. మన ప్రభుత్వ కార్యాలయములలో కార్డులకు చిల్లులు వేసినవారు, టేపులు మార్చినవారు, రాత్రి పాళీలలో కాగితములు చించి కట్టలు కట్టినవారు ఎందరో కలరు. వారి అనుభవములు ఏ ఫైలులోను లేవు. అట్టి పెద్దలు మీ ఇంటనున్న, వారిచే నాలుగు పుటలు వ్రాయించి ఈ సంచికలకు పంపుడు. యంత్రముల పేర్లు చరిత్రకెక్కినవి. మనుష్యుల పేర్లు ఎక్కించుట మన చేతిలోని పని.