కళ్లంలో ముందెవరు?

చక్రాయపేట చుట్టుపక్కల తండాల్లో శెనక్కాయలు కళ్లానికి చేరిన రోజే లెక్కలు మొదలవుతాయి. బ్యాంకు బాకీ, ఎరువుల అంగడి బాకీ, విత్తనాలకు అప్పిచ్చిన సావుకారు బాకీ. పంట మాత్రం ఒకటే. ఎవరికి ముందు చెల్లాలి?

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలాడు. 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో ఒక్కొక్క రైతు పేర శిస్తు కట్టాడు. 1864 నాటి మద్రాసు రెవెన్యూ వసూలు చట్టం సర్కారును అందరికంటే ముందు నిలబెట్టింది. భూమి, దానిమీది ఇల్లు, పంట అన్నీ శిస్తుకు జామీనే. బకాయికి భూమిని వేలం వేస్తే పాత తాకట్లన్నీ కొట్టుకుపోతాయి. ఆ భయంతోనే తాకట్టు పట్టినవాడు రైతు శిస్తు తానే కట్టి, ఆ సొమ్మును మళ్లీ భూమిమీదికే ఎక్కించుకోవచ్చు. అందుకు చట్టమే దారి ఇచ్చింది.

తాకట్టుకూ తాకట్టుకూ మధ్య తగువు వస్తే 1882 ఆస్తి బదిలీ చట్టం తేదీ చూస్తుంది. ముందు రాసినది ముందు. ఉత్త ప్రోనోటుకు భూమిమీద ఏ హక్కూ లేదు, సావుకారు ఎంత గట్టిగా అరిచినా సరే. వాడు కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకోవాల్సిందే.

1912లో సహకార సంఘాల చట్టం వచ్చింది. విత్తనానికీ ఎరువుకూ సంఘం ఇచ్చిన అప్పుకు 18 నెలల దాకా పంటమీద శిస్తు తర్వాతి స్థానం దక్కింది. సావుకారు దాని వెనక్కి పోయాడు. ఇదంతా కాగితం మీద. కళ్లంలో మాత్రం గోనెసంచులూ తక్కెడా పట్టుకుని ముందొచ్చినవాడిదే పంట. వరుస తెలియని రైతు వాడికే కొలిచి ఇచ్చి, సంఘానికి బాకీదారుగా మిగిలాడు.

కడప జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. కాబట్టి 1/70 మన తండాలకు వర్తించదు. మనకు అక్కరకొచ్చేది 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం. భూమిలేని పేదకు సర్కారిచ్చిన డీకేటీ పట్టాను సావుకారు తాకట్టు పట్టుకుంటే ఆ తాకట్టు చెల్లదు. బ్యాంకుకూ సహకార సంఘానికీ మాత్రం మినహాయింపు ఉంది. తర్వాత సవరణలు వచ్చాయి, అందుకే పట్టా తేదీ, తాకట్టు తేదీ రెండూ చూసుకోవాలి. పట్టా కాగితం పెట్టెలో దాచుకున్నా దానివల్ల సావుకారు వరుసలోకి రాడు.

డిక్రీ తెచ్చినా అన్నీ జప్తు కావు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం సేద్యపు పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు తలచిన పశువులు, విత్తనపు గింజలు రైతుకే మిగలాలి.